పాముకాటు కేసులో మొదటి గంట

చిత్తూరు వైపు చెనిక్కాయ చేలల్లో రాత్రిపూట నీళ్లు కట్టే రైతును పాము కరిచిందని ఆసుపత్రికి తెస్తే, ఏ పామో తేల్చడం తర్వాత. ముందు శ్వాస, నాడి, బీపీ చూడండి. కాటుకు పైన బిగించిన కట్టును గభాలున విప్పొద్దు. ఐవీ లైన్ (మందు ఎక్కించడానికి నరంలో సూది) పెట్టాకే మెల్లగా వదలాలి.

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. 2 మి.లీ. రక్తాన్ని కొత్త, పొడి గాజు ట్యూబులో పోసి కదపకుండా ఉంచండి. 20 నిమిషాలకు ఒక్కసారి వంచితే నీళ్లలా జారిందా, విషం ఎక్కినట్టే. సబ్బుతో కడిగిన ట్యూబు, ప్లాస్టిక్ ట్యూబు వాడొద్దు; వాటిలో మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు.

విషం ఎక్కినట్టు తేలితే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) 10 వయల్స్, అంటే 10 చిన్న సీసాలు, సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి. పిల్లలకూ అంతే, పాము వాళ్లకేమీ తక్కువ విషం వదలదు. యాంటీవీనం పడకపోతే ఇవ్వడానికి, పెద్దవాళ్లకైతే 0.5 మి.గ్రా. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. దద్దుర్లు, ఆయాసం మొదలైతే యాంటీవీనం ఆపి, వెంటనే అడ్రినలిన్ తొడ కండరానికివ్వండి. 6 గంటల తర్వాత మళ్లీ గాజు ట్యూబు పరీక్ష.

కట్లపాము కాటుకు వాపుండదు. కడుపునొప్పి అంటారు, తర్వాత రెప్పలు వాలతాయి. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించండి. లెక్క తగ్గుతూ, తల దిండు మీంచి లేవకపోతే, రక్తంలో ఆక్సిజన్ 98 శాతం ఉందని ఆగకుండా శ్వాసనాళంలో ట్యూబు వేయండి.