ఎండలు ముదరకముందే క్యాబినెట్ మూత తీయండి

మార్చి సగం దాటితే రెంటచింతల, రామగుండం పేర్లు వార్తల్లో వినపడటం మొదలవుతుంది. ఏసీ లేని గదిలో డెస్క్‌టాప్ నడిపేవాళ్లు ఆలోపే ఒక పని చేసి పెట్టుకోవాలి. కాస్త చల్లగా ఉండగానే ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో చూసి రాసుకోవాలి.

వేడి ఎంతుందో చూపించే కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి. ఏదైనా బరువైన గేమో, వీడియో రెండరింగో పావుగంట నడిపి ప్రాసెసర్ వేడి చూడండి. పక్కనే గది వేడి కూడా రాయండి. మనకు కావాల్సింది ఆ రెండింటి మధ్య తేడా. గది 28, ప్రాసెసర్ 73 అయితే తేడా 45. మే నెలలో గది 38కి వెళ్తే ప్రాసెసర్ 83 దగ్గర ఉంటుంది. అది ఎండ పని, కంగారు పడక్కర్లేదు. అదే పనికి 95 చూపిస్తే మాత్రం లోపల ఏదో తేడా వచ్చినట్టే.

చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరసలో ఎక్కువ వాటికి 95. హద్దు తాకగానే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి దిగకపోతే మిషన్ ఆగిపోతుంది. అలాగని ఆగిపోయిన ప్రతిసారీ వేడినే తిట్టొద్దు. వేసవిలో కరెంటు ఎలా ఉంటుందో తెలిసిందేగా, లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్‌ని కూడా అనుమానించాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి వేడి ఎక్కే తీరు చూడండి. పని మొదలెట్టిన నాలుగైదు సెకన్లలోనే 90 దాటేస్తే, వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ (హీట్‌సింక్) ప్రాసెసర్‌కు సరిగా ఆనకపోవచ్చు, లేదా ఆ రెండింటి మధ్య వేడిని దాటించే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. ఇంటెల్ ప్రాసెసర్ డబ్బాలో వచ్చే కూలర్‌కి, అంటే హీట్‌సింక్, ఫ్యాన్ కలిసినదానికి, నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి పైకి లేచి ఉండటం తరచూ కనిపించేదే. అలా కాకుండా పది పదిహేను నిమిషాల్లో మెల్లగా ఎక్కుతుంటే గాలి ఆడటం లేదన్నమాట. క్యాబినెట్ (సీపీయూ డబ్బా) పక్క మూత తీసి మళ్లీ నడపండి. వేడి బాగా దిగిందంటే క్యాబినెట్‌లో గాలి దారే లోపం. దిగకపోతే మళ్లీ కూలర్ దగ్గరికే వెళ్లాలి. మూత తీసేసి అలాగే వాడుకుందామనుకునేవాళ్లున్నారు. రెండు నెలల్లో దుమ్మంతా లోపలే ఉంటుంది.

శుభ్రం చేసేముందు ప్లగ్ పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి. బాల్కనీలో పెట్టి చిన్న బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి, లేదంటే అది గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. పంక్చర్ షాపు గాలి వద్దు, అందులో తేమ, నూనె ఉంటాయి. వంటగది పక్కనో, అగరొత్తులు వెలిగించే చోటో ఉన్న మిషన్‌లో దుమ్ము జిడ్డుగా అతుక్కుని ఉంటుంది. దానికి మెత్తటి బ్రష్షే గతి. హీట్‌సింక్ రేకుల పైభాగం మెరుస్తోందని మోసపోకండి. ఫ్యాన్ ఊడదీసి చూస్తే దాని కింద దుమ్ము మందంగా పేరుకుని ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌ని బయటి నుంచే ఊదండి. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది, విప్పొద్దు.

పేస్ట్ మార్చాలంటే పాతది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు. పాత రైజెన్ వాడేవాళ్లు మిషన్‌ని కాసేపు నడిపి, ఆపేసి, ప్లగ్ పీకి, వెచ్చగా ఉండగా కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఒక్కసారిగా లాగితే ప్రాసెసర్ కూడా పేస్ట్‌కు అంటుకుని సాకెట్ నుంచి ఊడొస్తుంది, దాని కాళ్లు వంగుతాయి.

కంప్యూటర్ టేబుల్ కింద తలుపున్న అర ఉంటుంది చూడండి, వేసవిలో దాన్ని మించిన శత్రువు లేదు. వెనక నుంచి వెళ్లిన వేడి గాలే తిరిగి ముందు నుంచి లోపలికి వస్తుంది. క్యాబినెట్‌ని బయటికి తెచ్చి వెనక కనీసం జానెడు చోటు వదలండి. గదిలో పెట్టుకునే నీళ్ల కూలర్ గాలిని సూటిగా దాని మీదకు పెట్టొద్దు, తడికి దుమ్ము మరింత గట్టిగా అంటుకుంటుంది. రెండరింగ్ లాంటి పనులు రాత్రికి పెట్టుకోండి. పగలు గేమ్ ఆడక తప్పదంటే ఫ్రేమ్ రేట్‌ని, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యని, 60కి బిగించండి, గ్రాఫిక్స్ కార్డు వేడి చాలావరకు అక్కడే తగ్గుతుంది.