వాడిన సూది గుచ్చుకుందా? మొదటి రెండు గంటల్లో ఏం చేయాలి, మళ్లీ గుచ్చుకోకుండా ఏం చేయాలి

సూది గాయాల్లో చాలావరకు ఇంజెక్షన్ చేస్తుండగా జరిగేవి కావు, పని అయిపోయాక జరిగేవే. క్యాప్ పెట్టబోతూ, ట్రే సర్దుతూ, నిండిపోయిన డబ్బాలోకి ఇంకో సూదిని కుక్కుతూ గుచ్చుకుంటుంది. నర్సుకి, ల్యాబ్ టెక్నీషియన్‌కి ఎంత ప్రమాదమో, చెత్త సంచి మోసే ఆయాకీ, దుప్పట్లు ఉతికే ధోబీకీ అంతే. ఆ సూది ఎవరికి వాడారో తెలియదు కాబట్టి వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం.

గుచ్చుకున్న వెంటనే

చేతిలో పని ఆపేయండి. రోగిని పక్కనున్నవాళ్లకి అప్పగించి, గ్లవ్స్ తీసేసి, కుళాయి కింద మామూలు సబ్బుతో గాయాన్ని బాగా కడగండి. గాయానికి ఇంతకు మించి చేయాల్సింది లేదు.

చేయకూడనివే ఎక్కువ ఉన్నాయి. "చెడు రక్తం పోవాలి" అని వేలిని పిండుతుంటారు. పిండితే వైరస్ బయటికి రాదు, చుట్టూ కణజాలం నలిగి వాపు వస్తుంది. చాలామందికి తెలియకుండానే వేలు నోట్లోకి పోతుంది, అది మరీ ప్రమాదం. స్పిరిట్, బ్లీచింగ్ నీళ్లు, డెట్టాల్, అయోడిన్ లాంటివి గాయం మీద పోస్తే చర్మం కాలుతుంది తప్ప లాభం లేదు. గాటు పెట్టి రక్తం కార్చడం అసలే వద్దు.

రక్తం కంట్లో పడితే కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోండి. ఇంకొకరు రెప్పలు తెరిచి పట్టుకుని శుభ్రమైన నీళ్లు గానీ సెలైన్ గానీ ధారగా పోయాలి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందు తీయొద్దు, కడగడం పూర్తయ్యాక తీసి శుభ్రం చేసుకోండి. కంటికి సబ్బు తగలకూడదు. నోట్లో పడితే వెంటనే ఉమ్మేసి, నీళ్లతో చాలాసార్లు పుక్కిలించండి.

డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి, అప్పుడే

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. తిడతారనో, "నీదే పొరపాటు" అంటారనో, పేరు బయటికి వస్తుందనో దాచేస్తారు. షిఫ్ట్ అయ్యాక చూద్దాంలే అనుకుంటారు. హెచ్ఐవీ నివారణ మందు మొదటి డోసు వీలైతే 2 గంటల్లోపు పడాలి. గరిష్ఠంగా 72 గంటలు, అది దాటితే మొదలుపెట్టరు. లోపలికి వెళ్లిన వైరస్ శోషరస గ్రంథులకు చేరి స్థిరపడకముందే మందు రక్తంలో ఉండాలన్నదే దీని వెనకున్న లెక్క. అందుకే 72 గంటల గడువు ఉందని మూడో రోజు దాకా ఆగడం తప్పు.

చెప్పేటప్పుడు ఈ వివరాలు ఇవ్వండి: గుచ్చుకున్న సమయం, ఏ సూది, లోపల బోలుగా ఉండేదా లేక కుట్లు వేసే గట్టి సూదా, దాని మీద రక్తం కనిపించిందా, రక్తనాళంలోంచి తీసినదా, ఎంత లోతుకి దిగింది, గ్లవ్స్ ఉన్నాయా. రక్తనాళంలోంచి వచ్చిన బోలు సూది లోతుగా దిగితే ముప్పు ఎక్కువ. గ్లవ్ సూదిని ఆపలేదు కానీ, గుండా వెళ్లేటప్పుడు సూది మీది రక్తాన్ని కొంత తుడిచేస్తుంది. అందుకే గ్లవ్స్ వివరం కూడా లెక్కలోకి వస్తుంది.

చెక్కు చెదరని చర్మం మీద రక్తం పడితే కడుక్కుంటే చాలు, మందు అక్కర్లేదు. రక్తం కలవని చెమట, కన్నీళ్లు, లాలాజలం, మూత్రం వల్ల హెచ్ఐవీ భయం లేదు.

ముప్పు ఏ వైరస్‌కి ఎంత?

హెచ్ఐవీ ఉన్న రోగి సూది గుచ్చుకుంటే, మందు వేసుకోకపోయినా అది సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యి గాయాల్లో దాదాపు 3. హెపటైటిస్ సి అయితే 2 శాతం లేదా అంతకన్నా తక్కువ. హెపటైటిస్ బి మాత్రం టీకా వేసుకోనివారికి 6 నుంచి 30 శాతం. అందరూ హెచ్ఐవీ గురించే వణుకుతారు గానీ, లెక్క ప్రకారం ముందు భయపడాల్సింది హెపటైటిస్ బికే. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ కనీసం 7 రోజులు బతుకుతుంది. ఊరట ఏమిటంటే, ఈ మూడింటిలో టీకా ఉన్నదీ దానికే.

రోగి పరీక్ష, మీ పరీక్ష

సూది వాడిన రోగికి హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి ఉందో లేదో చూసేది), యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి కోసం) పరీక్షలు చేయించాలి. రోగికి విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలి. హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2017 ప్రకారం సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష కుదరదు. సిబ్బందికి సురక్షిత వాతావరణం, నివారణ మందు కల్పించే బాధ్యతను సంస్థ మీద పెట్టింది కూడా ఆ చట్టమే. రోగి రిపోర్టు వచ్చేదాకా మొదటి డోసు ఆపొద్దు. ముందు వేసుకుని, రోగికి నెగెటివ్ అని తేలితే డాక్టర్ చెప్పినప్పుడు మానేయొచ్చు. ఇక దొరికిన సూదిని పరీక్షకు పంపడం వృథా. దాంతో ఏమీ తేలదు, మోసుకెళ్లేవాళ్లకి మళ్లీ గుచ్చుకునే ప్రమాదం మాత్రం ఉంటుంది. సూది ఎవరిదో తెలియనప్పుడు మందు ఇవ్వాలా వద్దా అన్నది గాయాన్ని బట్టి, అది ఏ వార్డు చెత్తలోదన్నదాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో హెచ్ఐవీ దేశ సగటు కంటే ఎక్కువ, కాబట్టి ఇక్కడ "ఏం కాదులే" అని తేల్చేయకండి.

మీ రక్తం కూడా అదే రోజు ఇవ్వాలి: హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ (హెపటైటిస్ బి నుంచి మీ ఒంట్లో ఎంత రక్షణ ఉందో చూపే అంకె), యాంటీ హెచ్‌సీవీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసేది). ఈ గాయానికి ముందు మీకేమీ లేదని చూపే రుజువు అదే. తర్వాత ఏదైనా తేలితే పరిహారం అడగడానికి కూడా అదే ఆధారం.

28 రోజుల మందు

మన దేశంలో ఇస్తున్నది ఒకే మాత్ర: టెనోఫొవిర్ 300 మి.గ్రా., లామివుడిన్ 300 మి.గ్రా., డోలుటెగ్రవిర్ 50 మి.గ్రా. కలిపినది. రోజుకొకటి, 28 రోజులు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లోని ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్ఐవీ మందులిచ్చే కేంద్రంలో, ఇస్తారు. రాత్రిళ్లు, ఆదివారాలు క్యాజువాలిటీలో అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, అది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్.

వికారం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మొదటి వారంలో ఉండొచ్చు. పదో రోజుకి "బానే ఉన్నాను కదా" అని మానేసేవాళ్లు చాలామంది. కోర్సు మధ్యలో ఆపితే వేసుకున్న ఫలితం దక్కదు. కాల్షియం, ఐరన్ మాత్రలు, గ్యాస్‌కి తాగే యాంటాసిడ్ సిరప్ డోలుటెగ్రవిర్‌ని ఒంటికి పట్టనివ్వవు. వాటికి 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ ఈ మాత్ర వేసుకోండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే తప్పక చెప్పండి, డోసులు మార్చాల్సి వస్తుంది. గర్భిణులు కూడా ఈ మందు వాడొచ్చు. మీకు ముందే హెపటైటిస్ బి ఉంటే, 28 రోజులయ్యాక మందు ఆపినప్పుడు కాలేయం ఉబ్బే ప్రమాదం ఉంది. హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష ముందే అడిగేది అందుకే.

హెపటైటిస్ బి సంగతి మీ టీకా మీద ఆధారపడి ఉంటుంది. మూడు డోసులు పూర్తయి, టైటర్ 10 లేదా అంతకన్నా ఎక్కువని ఒకసారి తేలి ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. టీకానే వేసుకోకపోతే, రోగికి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయినప్పుడు, హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) ఒంటి బరువు కిలోకు 0.06 మి.లీ. చొప్పున కండకు ఇస్తారు. వీలైతే 24 గంటల్లోపు, 7 రోజులు దాటకుండా. అదే రోజు ఇంకో చేతికి టీకా మొదటి డోసు పడుతుంది.

హెపటైటిస్ సికి నివారణ మందు లేదు, టీకా లేదు. పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఒకవేళ సోకితే 12 వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఆ మందు ఉచితం.

హెచ్ఐవీ పరీక్ష మళ్లీ 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు చేయిస్తారు. చివరి రిపోర్టు వచ్చేదాకా రక్తదానం చేయొద్దు, కండోమ్ వాడండి. డ్యూటీ మానాల్సిన పని లేదు.

మళ్లీ గుచ్చుకోకుండా

క్యాప్ తిరిగి పెట్టడం మానేయడం అన్నిటికన్నా ముఖ్యం. అలవాటుగా ఎడమ చేతి రెండు వేళ్ల మధ్య క్యాప్ పట్టుకుని, కుడి చేతితో సూదిని దాంట్లోకి తెస్తాం. క్యాప్ నోరు చిన్నది. వెనక నుంచి ఎవరో పిలుస్తారు, చూపు తిప్పుతాం, సూది ఎడమ చూపుడు వేలికి దిగుతుంది. ఎప్పుడైనా తప్పనిసరైతే ఒంటి చేత్తోనే పెట్టాలి: క్యాప్‌ని ట్రేలో పడుకోబెట్టండి, రెండో చేయి వీపు వెనక ఉంచుకోండి, సూది మొనతో క్యాప్‌ని ఎత్తండి, సిరంజిని నిటారుగా తిప్పి, క్యాప్ అడుగుని ట్రే గోడకి ఆనించి బిగించండి.

క్యానులా (సెలైన్ ఎక్కించడానికి రక్తనాళంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టేటప్పుడు ఇంకో చిక్కు. స్టైలెట్, అంటే దాని లోపలి సూది, బయటికి వచ్చేసరికి ఒక చేయి రక్తనాళాన్ని నొక్కి ఉంటుంది, ఇంకో చేతిలో రక్తం కారుతున్న స్టైలెట్. పెట్టడానికి చోటు కనపడదు. పరుపులో గుచ్చేస్తారు. అది అక్కడే మరిచిపోతే దుప్పటితో పాటు ధోబీ దగ్గరికి పోతుంది. దీనికి దారి ఒకటే: క్యానులా ప్యాకెట్ చింపకముందే సూదుల డబ్బా మీ చేతికి అందేంత దూరంలో ఉండాలి. డబ్బా నర్సింగ్ స్టేషన్‌లో, రోగి వార్డు చివర్లో ఉంటే, చేతిలో సూదితో నడిచి రావాల్సిందే.

డబ్బా తెల్లగా, గుచ్చినా తూట్లు పడనిది, కారనిది అయి ఉండాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పేది ఇదే. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి మార్చేయండి. సూదులు, బ్లేడ్లు తెల్ల డబ్బాలోకి, సూది తీసేసిన సిరంజి, గ్లవ్స్, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి, పగిలిన ఆంపూళ్లు నీలం డబ్బాలోకి. ఎర్ర సంచిలో ఒక్క సూది పడినా అది మోసేవాడి తొడకి గుచ్చుకుంటుంది. సంచిని ఒంటికి ఆనించి కాకుండా మెడ పట్టుకుని ఎత్తమని వాళ్లకి నేర్పాలి.

హబ్ కట్టర్ (సిరంజి నుంచి సూదిని కోసేసే పరికరం) బ్లేడు మొద్దుబారితే సూది పూర్తిగా తెగక వేలాడుతుంది, అప్పుడు చేత్తో లాగుతారు. లాగొద్దు, సిరంజితో సహా తెల్ల డబ్బాలో వేసి, కట్టర్ మార్పించండి. ఆపరేషన్ థియేటర్‌లో బ్లేడు తీయడానికి చేతివేళ్లు కాదు, ఆర్టరీ ఫోర్సెప్స్ (పట్టుకునే పరికరం) వాడండి. పరికరాన్ని చేతిలోంచి చేతిలోకి ఇవ్వకుండా మధ్యలో ట్రేలో పెట్టి, "షార్ప్" అని పైకి చెప్పండి. కదిలే పిల్లలకి, మత్తులో ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ చేసేటప్పుడు పట్టుకునే మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు.

నేల మీద రక్తం పడితే ముందు చుట్టూ గాజు ముక్కలు, సూదులు ఉన్నాయేమో చూసి పటకారుతో తీయండి. తర్వాత పాత గుడ్డ పరిచి 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోయాలి. 5 శాతం ద్రావణం ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు కలిపితే 1 శాతం వస్తుంది. 10 నుంచి 20 నిమిషాలు ఆగి తుడవండి. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలపాలి, నిలవుంటే పట్టు తగ్గుతుంది. యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, కలపొద్దు.

టీకా ఇంకా వేసుకోకపోతే ఈ వారమే మొదలుపెట్టండి: 0, 1, 6 నెలలకు భుజం కండకి, పిరుదుకి కాదు. మధ్యలో ఒక డోసు ఆలస్యమైతే మొదటి నుంచి మళ్లీ అక్కర్లేదు, మిగిలినవి పూర్తిచేస్తే చాలు. చివరి డోసు అయిన 1, 2 నెలలకు టైటర్ చూసుకోండి. 10 లోపు ఉంటే ఇంకో మూడు డోసులు. ఆ రిపోర్టు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి, సూది గుచ్చుకున్న రాత్రి డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న దాని గురించే.