రెయిడ్ లేవకపోతే: ముందు చూడండి, తర్వాతే ముట్టుకోండి

కరెంటు పోయి వచ్చింది, సర్వర్ ఆన్ అయింది, ఫొటోల ఫోల్డర్ మాత్రం ఖాళీ. లినక్స్‌లో నాలుగు డిస్కులతో రెయిడ్ 5 (ఒక డిస్కు పోయినా డేటా పోకుండా అన్నిటినీ ఒకటిగా కలిపే పద్ధతి) పెట్టుకున్న మా ఇంట్లో జరిగింది ఇదే. ఆ టెన్షన్‌లో చేతులు రెయిడ్‌ను నడిపే టూల్ ఎండీఏడీఎం (mdadm) ‘క్రియేట్’ కమాండ్ వైపు వెళ్తాయి. వద్దు. అది పాత అర్రేని (కలిపిన డిస్కుల గుంపుని) లేపదు, దాని మీద కొత్తది కడుతుంది. డిస్కుల వరుసో చంక్ సైజో (ఒక్కో డిస్కు మీద ఒకసారి రాసే ముక్క సైజు) తేడా వస్తే ఉన్న డేటా కూడా చెడుతుంది.

ముందు ప్రోక్ ఫోల్డర్‌లో ఎండీస్టాట్ ఫైల్ (/proc/mdstat) తెరవండి, అర్రే పరిస్థితి అందులో ఉంటుంది. అన్నీ బాగుంటే నాలుగు ‘యూ’ అక్షరాలు వరుసగా ఉంటాయి. ఒకచోట అండర్‌స్కోర్ ఉంటే ఒక డిస్కు బయటికి పోయిందని అర్థం. అర్రే ఇంకా నడుస్తుంది కాబట్టి ముందు బ్యాకప్ తీసేయండి.

బయటికి పోయిన డిస్కు చచ్చిపోయినట్టేనా? కాదు. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూడండి. పెండింగ్ (చదవలేకపోతున్న), రీఅలొకేటెడ్ (చెడిపోయి వేరే చోటికి మార్చిన) సెక్టార్లు పెరుగుతుంటే డిస్కు మార్చాల్సిందే. అవి సున్నా ఉండి సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో చెడిందని చెప్పేవి) పెరుగుతుంటే తప్పు చాలావరకు సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగిందా అన్నదే చూడాలి. ఆగితే అదే డిస్కును ‘రీ-యాడ్’ చేయండి. బిట్‌మ్యాప్ (ఏ భాగాలు మారాయో గుర్తుపెట్టుకునే పట్టీ) ఉంటే మారిన భాగాలే రాసుకుంటుంది, పని త్వరగా అయిపోతుంది.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో తంటా ఉంది. చెడ్డ సెక్టార్ తగిలితే అవి నిమిషానికి పైగా దాంతోనే కుస్తీ పడతాయి. కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) 30 సెకన్లు చూసి, లింక్ రీసెట్ చేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం బయటికి పోతుంది. డిస్కులో ఎర్రర్ రికవరీ టైమ్ పెట్టే వీలుంటే 7 సెకన్లు పెట్టండి, లేకపోతే కెర్నెల్ టైమవుట్‌ను 180కి పెంచండి. మెషీన్ పవర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే రెండూ పోతాయి, స్టార్టప్ స్క్రిప్టులో పెట్టుకోవాలి.

అసలు భయం ‘ఇనాక్టివ్’ అని కనిపించి, రెండు డిస్కులు ఒకేసారి మాయమైనప్పుడు. రెండూ ఒకే క్షణంలో చావడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించండి. మా ఇంట్లో అది పవర్ స్ప్లిటర్, ఒక పిన్ వదులు. అది మార్చాక ఒక్కో డిస్కునీ ‘ఎగ్జామిన్’ చేసి, ఈవెంట్ కౌంట్లు (అర్రేలో మార్పులు జరిగేకొద్దీ పెరిగే అంకెలు) కాగితం మీద రాసుకున్నాను. మూడింటివి దాదాపు సమానం, ఒకటి బాగా వెనకబడి ఉంది. సగం లేచిన అర్రేని ‘స్టాప్’ చేసి, వెనకబడిన దాన్ని పక్కన పెట్టి, మిగతా మూడింటితో ‘అసెంబుల్ ఫోర్స్’ ఇచ్చాను. లేచింది. రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, ఫైళ్లన్నీ వేరే డిస్కుకు తోడేశాకే నాలుగోదాన్ని కలిపాను. ఆ మూడింటిలో దేనికైనా పెండింగ్ సెక్టార్లు ఉంటే ఫోర్స్ చేసే ముందే, చెడుతున్న డిస్కు నుంచి డేటా లాగే డీడీరెస్క్యూతో కొత్త డిస్కుకు కాపీ తీసుకోండి.

ఫైళ్లన్నీ ఉన్నాయి, అర్రే పేరు మాత్రం ఎండీ127గా మారిందంటే అది జబ్బే కాదు. ‘డిటైల్ స్కాన్’ ఇచ్చిన లైన్‌ను ఎండీఏడీఎం కాన్ఫిగ్ ఫైల్లో చేర్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఫైల్‌సిస్టమ్) అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి.