ఫ్యాబ్రిక్ ల్యాబ్: ట్రాన్సాక్షన్ ఒకసారి పాసై, మరోసారి ఫెయిలైతే

హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ 2.5 (సంస్థలు కలిసి నడిపే బ్లాక్‌చెయిన్ సాఫ్ట్‌వేర్), శాంపిల్స్‌తో వచ్చే టెస్ట్ నెట్‌వర్క్, రెండు ఆర్గనైజేషన్లు, ఒక ఆర్డరర్ (ట్రాన్సాక్షన్లను వరసపెట్టి బ్లాక్‌లుగా కట్టేది), గో లేదా జావాస్క్రిప్ట్‌లో చైన్‌కోడ్ (లెడ్జర్ అనే ఉమ్మడి రికార్డును చదివి, మార్చే ప్రోగ్రామ్). బీటెక్ చివరి ఏడాది, ఎంటెక్ ల్యాబుల్లో సాధారణంగా ఉండే సెటప్ ఇది. డాకర్, టెర్మినల్ వాడటం వచ్చు అనుకునే ఇది రాస్తున్నాను. ఉదాహరణకు గుంటూరు మిర్చి లాట్ల రిజిస్టర్ తీసుకుందాం: మొదటి ఆర్గనైజేషన్ మార్కెట్ యార్డు, రెండోది కోల్డ్ స్టోరేజీ. ఒక్కోదానికి ఒక పీర్, అంటే చైన్‌కోడ్‌ను నడిపి లెడ్జర్ కాపీ ఉంచుకునే సర్వర్.

ఎర్రర్ కనబడగానే నెట్‌వర్క్ డౌన్ కొట్టి మళ్లీ అప్ చేయకండి. ప్రతి బ్యాచ్‌లోనూ అందరూ ముందు చేసే పని అదే, చెడగొట్టేదీ అదే. డౌన్ కొడితే కంటైనర్లు, వాల్యూమ్‌లు, సర్టిఫికెట్లు పోతాయి, వాటితోపాటు లాగ్‌లూ పోతాయి. అంటే తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం మొత్తం తుడిచేసినట్టే. ముందు డాకర్ పీఎస్ డ్యాష్ ఏ కొట్టి, ఏ కంటైనరైనా ఎగ్జిటెడ్ అని ఉందేమో చూడండి. తర్వాత డాకర్ లాగ్స్‌తో పీర్ లాగ్, దేవ్ పీర్ అని మొదలయ్యే చైన్‌కోడ్ కంటైనర్ లాగ్ చదవండి. క్లయింట్‌కు వచ్చేది ఒక్క వాక్యమే. అసలు కారణం చాలాసార్లు పీర్ లాగ్‌లో చివరి 20 లైన్లలోనే ఉంటుంది.

సమస్య: నెట్‌వర్క్ అసలు లేవడం లేదు

పోర్టు ఖాళీ లేదు అంటే పాత కంటైనర్ ఇంకా నడుస్తోందని అర్థం. యార్డు పీర్ 7051, స్టోరేజీ పీర్ 9051, ఆర్డరర్ 7050, దాని అడ్మిన్ పోర్టు 7053. ఏది పట్టుకుని ఉందో చూసి దాన్నే ఆపండి.

స్క్రిప్ట్ నడపగానే బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అని వస్తే, రిపోను విండోస్ వైపు క్లోన్ చేశారన్నమాట. లైన్ చివర్లు మారిపోయాయి. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లో నడిచే లైనక్స్) లోపల, లైనక్స్ హోమ్ ఫోల్డర్‌లో మళ్లీ క్లోన్ చేయండి.

టూ మెనీ రిక్వెస్ట్స్ అని వస్తే ల్యాబ్ మొత్తం ఒకే ఐపీ నుంచి డాకర్ హబ్‌ను అడుగుతోంది. 60 మంది ఒకేసారి పుల్ కొట్టే ల్యాబ్‌లో ఇది వచ్చి తీరుతుంది. ముందురోజే ఒక మెషీన్ మీద ఇమేజ్‌లు దించి, డాకర్ సేవ్‌తో ఫైలు చేసి, మిగతావాటిలో డాకర్ లోడ్ చేయండి. పీర్, ఆర్డరర్, సీఏ (సర్టిఫికెట్లు జారీచేసేది) ఇమేజ్‌లు అందరూ తీసుకుంటారు, గో చైన్‌కోడ్‌ను బిల్డ్ చేసే సీసీఎన్వ్‌ను మర్చిపోతారు. ప్రాక్సీ ఉన్న కాలేజీలో జావాస్క్రిప్ట్ కన్నా గో చైన్‌కోడ్ తేలిక. గో డిపెండెన్సీలను ముందే వెండర్ చేసి (కోడ్ పక్కనే కాపీ చేసి) ప్యాకేజీలో పెట్టేయొచ్చు. నోడ్ చైన్‌కోడ్ అయితే ఇన్‌స్టాల్ సమయంలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కంటైనర్ లోపల నడుస్తుంది, అక్కడ ఇంటర్నెట్ లేకపోతే టైమౌట్ అవుతుంది.

సమస్య: యాక్సెస్ డినైడ్, లేదా సర్టిఫికెట్ సైన్డ్ బై అన్‌నోన్ అథారిటీ

చైన్‌కోడ్ జోలికి వెళ్లకండి. ఇది గుర్తింపు తగాదా. టెర్మినల్‌లో నాలుగు వేరియబుళ్లు ఒకే ఆర్గనైజేషన్‌వి కావాలి: లోకల్ ఎంఎస్‌పీ (ఆర్గనైజేషన్ గుర్తింపు) ఐడీ, ఎంఎస్‌పీ కాన్ఫిగ్ పాత్, టీఎల్ఎస్ రూట్ సర్టిఫికెట్, పీర్ అడ్రస్. మూడు మార్చి నాలుగోది వదిలేయడమే సాధారణంగా జరిగేది. ఒక్కో ఆర్గనైజేషన్‌కు ఒక్కో టెర్మినల్ తెరిచి, ఆ వేరియబుళ్లను ఒక ఫైలులో పెట్టి సోర్స్ చేయించండి.

వేరియబుళ్లు సరిగ్గానే ఉంటే పాత వాలెట్ (అప్లికేషన్ తన సర్టిఫికెట్, కీ దాచుకునే చోటు) చూడండి. సీఏలతో నెట్‌వర్క్ మళ్లీ లేపితే రూట్ సర్టిఫికెట్లు కొత్తవి పుడతాయి. పాత ఎస్‌డీకేతో రాసిన అప్లికేషన్ల వాలెట్ ఫోల్డర్ మాత్రం పోయిన వారం సర్టిఫికెట్‌తోనే ఉంటుంది. వాలెట్ తీసేసి మళ్లీ ఎన్‌రోల్ చేస్తే, అంటే సీఏ నుంచి కొత్త సర్టిఫికెట్ తీసుకుంటే చాలు.

సమస్య: ఇన్వోక్ ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్

ఇన్వోక్ (లెడ్జర్‌ను మార్చే పిలుపు) కొడితే ప్రపోజల్ రెస్పాన్స్ పేలోడ్స్ డు నాట్ మ్యాచ్, అంటే పీర్లిచ్చిన జవాబులు ఒకేలా లేవు అంటుంది. మళ్లీ కొడితే పనిచేస్తుంది. క్వెరీలు (చదివే పిలుపులు) ఎప్పుడూ బాగానే ఉంటాయి. స్టూడెంట్లు దీన్ని నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అని పక్కన పెట్టేస్తారు. తప్పు నెట్‌వర్క్‌లో లేదు, చైన్‌కోడ్‌లో ఉంది.

ఫ్యాబ్రిక్‌లో ట్రాన్సాక్షన్ ముందు ప్రతి ఎండార్సింగ్ పీర్ (ఫలితానికి సంతకం పెట్టే పీర్) మీద విడివిడిగా నడుస్తుంది. ఆ దశలో పీర్ లెడ్జర్‌లో ఏమీ రాయదు. ఏ కీ ఏ వెర్షన్ చదివింది, ఏ విలువ రాయబోతోంది అనే జాబితా తయారుచేసి సంతకం పెడుతుంది. ఆ జాబితా ఒక్కటే కాదు, ఫంక్షన్ తిరిగిచ్చే విలువ, పంపే ఈవెంట్ కూడా సంతకం కిందే ఉంటాయి. రెండు పీర్లిచ్చినవి బైటు బైటూ ఒకటే కావాలి. టెస్ట్ నెట్‌వర్క్‌లో డిఫాల్ట్ పాలసీ (ఎన్ని ఆర్గనైజేషన్ల సంతకాలు కావాలనే నియమం) మెజారిటీ. ఇద్దరిలో మెజారిటీ అంటే ఇద్దరూ. కాబట్టి రెండు చోట్ల రెండు రకాలుగా వచ్చే విలువ ఏదైనా కోడ్‌లో ఉంటే ట్రాన్సాక్షన్ అక్కడితో ఆగిపోతుంది.

మొదటి దోషి టైమ్ డాట్ నౌ, అంటే మెషీన్ గడియారం చూసే గో ఫంక్షన్. నానోసెకన్ల దాకా రాస్తే ప్రతిసారీ ఫెయిలవుతుంది, పది నిమిషాల్లో దొరికిపోతుంది. సెకన్ల వరకే ఫార్మాట్ చేస్తేనే కష్టం. ల్యాబ్‌లో రెండు పీర్లూ ఒకే ల్యాప్‌టాప్ మీద, ఒకే గడియారంతో నడుస్తాయి. రెండుచోట్లా కోడ్ నడవడానికి మధ్య 20 మిల్లీసెకన్ల తేడా ఉందనుకుంటే, ఆ సందులో సెకను మారే అవకాశం 50లో ఒకటి. 30 ఇన్వోక్‌లు చేసిన స్టూడెంట్‌కు అసలు కనిపించకపోవచ్చు. తేదీ మాత్రమే రాస్తే ఇంకా లోతుగా దాక్కుంటుంది. కంటైనర్లు మామూలుగా యూటీసీలో ఉంటాయి, అంటే తేదీ మారేది మన ఉదయం 5:30కి. ఆ వేళ ల్యాబ్‌లో ఎవరూ ఉండరు. అదే కోడ్‌ను రెండు వేర్వేరు మెషీన్లకు పంచి, గడియారాలు కాస్త తేడాగా ఉంటే ప్రాజెక్టు డెమో రోజున బయటపడుతుంది.

రెండో దోషి ఇంతకన్నా మోసకారి: లాట్ నంబరు కోసం పెట్టిన గ్లోబల్ వేరియబుల్. లాట్ సృష్టించే ఫంక్షన్ నడిచినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. రెండు పీర్ల మీదా ఫంక్షన్ నడుస్తుంది కాబట్టి రెండూ సమానంగా పెరుగుతాయి, వారాల తరబడి అంతా సజావుగా ఉంటుంది. ఒకరోజు ఎవరో ఒకే పీర్ అడ్రస్ ఇచ్చి ఇన్వోక్ చేస్తారు, లేదా ఒక చైన్‌కోడ్ కంటైనర్ రీస్టార్ట్ అవుతుంది. యార్డు పీర్ 41 అంటుంది, స్టోరేజీ పీర్ 40 అంటుంది. అక్కడి నుంచి ప్రతి ట్రాన్సాక్షనూ ఫెయిలే. ఇప్పుడు డౌన్ కొట్టి అప్ చేస్తే రెండు లెక్కలూ సున్నాకు వస్తాయి, సమస్య పోయినట్టు కనిపిస్తుంది. రీస్టార్ట్ చేస్తే బాగుపడుతోంది అన్న నమ్మకం ఇక్కడే పుడుతుంది.

మూడోది గో మ్యాప్ మీద రేంజ్ లూప్. మ్యాప్‌ను తిప్పే వరుస ప్రతిసారీ మారుతుంది. రెండు మూడు ఎంట్రీలే ఉంటే యాదృచ్ఛికంగా కలిసిపోతుంటాయి. జేసన్ మార్షల్ మ్యాప్ కీలను వరసలో పెడుతుంది కనుక అక్కడ భయం లేదు. మ్యాప్ నుంచి స్లైస్‌లోకి ఎక్కించే చోటే చూడండి. యూయూఐడీ, ర్యాండమ్ నంబర్లు, బయటి ఏపీఐ నుంచి తెచ్చే ధరలు ఎలాగూ ఉన్నవే. క్వింటాలు ధరను దశాంశ సంఖ్యగా లెక్కగట్టినా ప్రమాదమే. ఒక పీర్ ఇంటెల్ మెషీన్ మీద, మరొకటి ఆపిల్ ఎం చిప్ మీద ఉంటే గో కంపైలర్ గుణకారం, కూడిక కలిపేసే తీరు వేరుగా ఉండి చివరి అంకె తేడా రావచ్చు. పైసల్లో పూర్ణాంకంగా ఉంచండి.

పట్టుకునే పద్ధతి ఇది. పీర్ చైన్‌కోడ్ క్వెరీ ఒక్క పీర్ మీదే ఫంక్షన్ నడిపి ఫలితం చూపిస్తుంది, ఏదీ కమిట్ చేయదు (లెడ్జర్‌లో రాయదు). రాసే ఫంక్షన్‌నూ దాంతో పిలవొచ్చు, దాన్నే చాలామంది వాడరు. లాట్ సృష్టించే ఫంక్షన్ చివర, తాత్కాలికంగానైనా, తాను రాయబోయే రికార్డును తిరిగిచ్చేలా మార్చండి. యార్డు టెర్మినల్ నుంచి దాన్ని క్వెరీగా పిలిచి ఫలితం ఒక ఫైలులోకి పంపండి. 70 సెకన్లు ఆగండి. అవే ఆర్గ్యుమెంట్లతో స్టోరేజీ టెర్మినల్ నుంచి పిలిచి రెండో ఫైలులోకి పంపండి. తర్వాత డిఫ్‌తో రెండు ఫైళ్లూ పోల్చండి. ఆ 70 సెకన్లు ఎందుకంటే, 20 మిల్లీసెకన్ల సందును మీరే పెద్దది చేస్తున్నారు. నిమిషం వరకు ఫార్మాట్ చేసిన టైమ్ కూడా అప్పుడు దొరుకుతుంది. తేదీ ఒక్కటే వాడితే దీనికీ దొరకదు, కోడ్‌లో నౌ అని వెతకాల్సిందే. గ్లోబల్ కౌంటర్‌కు వేరే పరీక్ష: ఒకే పీర్ మీద అదే క్వెరీ రెండుసార్లు కొట్టండి. ఏమీ కమిట్ కాకపోయినా లాట్ నంబరు పెరిగిందంటే ఆ లెక్క లెడ్జర్‌లో లేదు, కంటైనర్ మెమరీలో ఉంది. ఈ పరీక్షే కౌంటర్లను తేడా చేస్తుంది కాబట్టి అన్నిటికన్నా చివర చేయండి.

సరిచేయడం కష్టం కాదు. సమయం కావాలంటే స్టబ్ (లెడ్జర్‌ను అందుకోవడానికి చైన్‌కోడ్ వాడే ఆబ్జెక్ట్) నుంచి గెట్ టీఎక్స్ టైమ్‌స్టాంప్ తీసుకోండి. అది క్లయింట్ ప్రపోజల్‌లోంచి వస్తుంది గనుక అన్ని పీర్లకూ ఒకటే. దాన్ని యూటీసీలోనే ఫార్మాట్ చేయండి, లోకల్ టైమ్‌లోకి మార్చకండి. అయితే అది క్లయింట్ చెప్పిన సమయం. వేలం గడువు లాంటివి దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదని స్టూడెంట్లకు ఇక్కడే చెప్పాలి. ప్రత్యేక ఐడీకి ట్రాన్సాక్షన్ ఐడీ వాడండి. మ్యాప్ కీలను సార్ట్ చేశాకే తిప్పండి. జావాస్క్రిప్ట్‌లో శాంపిల్స్ వాడే కీల సార్టింగ్, డిటర్మినిస్టిక్ స్ట్రింగిఫై ప్యాకేజీలనే వాడండి. బయటి ధర కావాలంటే క్లయింట్ తెచ్చి ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి.

ల్యాబ్ మాన్యువల్‌లో ఈ డిఫ్ పరీక్షను మొదటి చైన్‌కోడ్ ఎక్సర్‌సైజులోనే తప్పనిసరి స్టెప్‌గా పెట్టండి.

సమస్య: 200 వచ్చింది, లెడ్జర్‌లో మార్పు లేదు

ఇన్వోక్ చూపించే 200 అంటే ఎండార్స్ అయిందని మాత్రమే, కమిట్ అయిందని కాదు. కమాండ్‌కు వెయిట్ ఫర్ ఈవెంట్ ఫ్లాగ్ జోడిస్తే అసలు ఫలితం తెలుస్తుంది. ఎక్కువగా కనిపించేది ఎంవీసీసీ రీడ్ కాన్‌ఫ్లిక్ట్, అంటే చదివిన కీ వెర్షన్ కమిట్ అయ్యేలోపే మారిపోవడం. గ్లోబల్ కౌంటర్ తీసేసి ఒకే కీలో కౌంటర్ పెట్టినవాళ్లు నేరుగా వచ్చి పడేది ఇందులోనే. టెస్ట్ నెట్‌వర్క్ ఆర్డరర్ 2 సెకన్లకు, లేదా 10 ట్రాన్సాక్షన్లకు ఒక బ్లాక్ కడుతుంది. ఒకే బ్లాక్‌లో రెండు ట్రాన్సాక్షన్లు ఒకే కీ పాత వెర్షన్ చదివి మార్చబోతే మొదటిది చెల్లుతుంది, రెండోది చెల్లదు. బ్యాచ్ టైమౌట్ పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. లాట్ నంబరు క్లయింటే ఇచ్చి, ఆ కీ ముందే ఉందో లేదో చైన్‌కోడ్ చూసుకోవడం మేలు. టిక్కీల (మిర్చి బస్తాల) మొత్తం నిల్వ లాంటి లెక్క కావాలంటే ప్రతి మార్పునూ ట్రాన్సాక్షన్ ఐడీతో వేరే కాంపోజిట్ కీలో (కొన్ని భాగాలు కలిపి కట్టిన కీలో) రాసి, చదివేటప్పుడు కూడండి.

పుట్ స్టేట్ చేసిన వెంటనే అదే ఫంక్షన్‌లో గెట్ స్టేట్ చేస్తే పాత విలువే వస్తుంది. అది బగ్ కాదు, రాసింది కమిట్ అయ్యాకే కనిపిస్తుంది.

సమస్య: కోడ్ మార్చినా పాతదే నడుస్తోంది

సేవ్ చేస్తే సరిపోదు. మళ్లీ ప్యాకేజ్, ఇన్‌స్టాల్, రెండు ఆర్గనైజేషన్ల అప్రూవల్, కమిట్. సీక్వెన్స్ నంబరు (చైన్‌కోడ్ నిర్వచనం ఎన్నోసారి కమిట్ అవుతోందో చెప్పేది) ఒకటి పెరగాలి, పెంచకపోతే ఎర్రర్ అదే చెబుతుంది. సీక్వెన్స్ పెంచి, అప్రూవ్ చేసేటప్పుడు పాత ప్యాకేజ్ ఐడీ ఇస్తే ఏ ఎర్రరూ లేకుండా పాత కోడే నడుస్తుంది. క్వెరీ ఇన్‌స్టాల్డ్ కొట్టి కొత్త ఐడీ తీసుకోండి. ఇన్‌స్టాన్షియేట్ అనే కమాండ్ ఉన్న వీడియో చూస్తుంటే అది 2.0కు ముందుది, వదిలేయండి.

అరుదైనవి

సర్టిఫికెట్ ఇంకా అమల్లోకి రాలేదంటే ల్యాప్‌టాప్ నిద్రలోంచి లేచాక డబ్ల్యూఎస్‌ఎల్ గడియారం వెనకబడింది, డబ్ల్యూఎస్‌ఎల్ షట్‌డౌన్ చేసి తెరవండి. డిస్క్ నిండితే పాత చైన్‌కోడ్ ఇమేజ్‌లు తీసేయండి. పీర్ డేటాబేస్‌గా పెట్టిన కౌచ్‌డీబీతో పీర్ తడబడుతుంటే, రిచ్ క్వెరీలు (కీతో కాక రికార్డులోని ఫీల్డులతో వెతకడం) అవసరం లేని ఎక్సర్‌సైజులకు డిఫాల్ట్ లెవెల్‌డీబీనే వాడండి.