డ్రోన్ ప్రొపెల్లర్లు: ధర కంటే ముందు బ్యాలెన్స్ చూడండి

ఖరీదైన ప్రొపెల్లర్లకు మనం అదనంగా పెట్టే డబ్బు వేగం కోసం కాదు, నాలుగూ ఒకేలా ఉంటాయన్న భరోసా కోసం. చవక ప్యాకెట్‌లో ఒకటి చక్కగా ఉంటుంది, పక్కదానికి ఒక రెక్క బరువెక్కువ ఉంటుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగేటప్పుడు ఆ కాస్త తేడాయే వణుకుగా మారుతుంది. వీడియోలో బొమ్మ జెల్లీలా ఊగుతుంది, మోటార్ బేరింగులు త్వరగా అరుగుతాయి.

అందుకే చవకవి కొన్నా సరే, బిగించే ముందు బ్యాలెన్సర్ (ప్రొపెల్లర్‌ను ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగేలా నిలిపే చిన్న పరికరం) మీద పెట్టి చూడండి. ఏ రెక్క కిందికి వాలితే అదే బరువైంది. తేలిక రెక్కకు చిన్న టేపు ముక్క అంటించి మళ్లీ చూడండి. ఎటు తిప్పి వదిలినా అక్కడే నిలిస్తే చాలు. బరువైన రెక్కను గరుకు కాగితంతో రుద్దేవాళ్లూ ఉన్నారు గానీ, నాకు టేపే ఇష్టం. ఎక్కువైతే పీకేయొచ్చు, అరగదీసింది మాత్రం తిరిగి రాదు.

ఇంకోటి, రెండు రకాలను పోల్చాలంటే ముందు వాటి కొలతలు ఒకటే ఉండాలి. 5x4.3x3 అంటే వ్యాసం 5 అంగుళాలు, పిచ్ (ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకు సాగే దూరం) 4.3 అంగుళాలు, రెక్కలు 3. పిచ్ పెరిగితే మోటార్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ తేడాను చాలామంది ధర మహిమ అనుకుంటారు.

నేర్చుకుంటున్నవాళ్లయితే పాలికార్బనేట్ ప్లాస్టిక్‌వి తీసుకోండి. గుద్దుకుంటే వంగుతాయి, కార్బన్ ఫైబర్‌వి పుటుక్కున విరుగుతాయి. రెక్క మొదలు దగ్గర వెంట్రుకంత పగులు కనిపించినా, ఎంత పెట్టి కొన్నదైనా పారేయండి.