కోణాల లెక్కలు – 3వ పాఠం: డిగ్రీ లోపల ఏముంది?

గత పాఠంలో డిగ్రీలను రేడియన్లలోకి మార్చాం. ఈసారి డిగ్రీ లోపలికి దిగుదాం. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు, అంటే డిగ్రీకి మొత్తం 3600 సెకన్లు. పంచాంగం లెక్కలు తెలిసినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు. అక్కడి భాగ, లిప్త, విలిప్త అంటే ఇవే.

చార్మినార్ అక్షాంశం ఫోన్ మ్యాప్‌లో సుమారు 17.3616 అని వస్తుంది. 17 పక్కన పెట్టండి. మిగిలిన 0.3616ని 60తో గుణిస్తే 21.696. అందులో 21 నిమిషాలు. చుక్క తర్వాత ఉన్న 0.696ని మళ్లీ 60తో గుణిస్తే 41.76 సెకన్లు. జవాబు 17° 21′ 41.76″. వెనక్కి రావాలంటే సెకన్లతో మొదలుపెట్టండి: 41.76ని 60తో భాగించి 21కి కలపండి, వచ్చినదాన్ని మళ్లీ 60తో భాగించి 17కి కలపండి.

ఎక్కువమంది బోల్తా పడేది ఎక్కడంటే, మన దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం 82° 30′ కదా, దాన్ని క్యాలిక్యులేటర్‌లో 82.30 అని కొట్టేస్తారు. 30 నిమిషాలంటే అర డిగ్రీ, కాబట్టి 82.5 కొట్టాలి. తేడా 0.2 డిగ్రీలేగా అని తీసిపారేయకండి. కాకినాడ అక్షాంశం దగ్గర అది నేల మీద 21 కిలోమీటర్లు! నక్షత్ర పాదంతోనూ ఇదే తంటా. 3° 20′ అంటే 3.333..., 3.20 కాదు. లిప్తల్లో చెబితే సరిగ్గా 200, గొడవే లేదు.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలి? అక్షాంశంలో ఒక సెకను నేల మీద దాదాపు 31 మీటర్లు. దశాంశ డిగ్రీల్లో నాలుగో స్థానం 11 మీటర్లు, ఐదోది మీటరు పైచిలుకు. మనం నాలుగు స్థానాలతో మొదలుపెట్టాం కాబట్టి 41.76లో చివరి 6 ఉత్త అలంకారమే. 41.8 చాలు.

నక్షత్రాల దూరాల దగ్గరికొస్తే సెకను కూడా పెద్దదే. సెకను దాటి కిందికి దిగితే 60 పోయి 1000 వస్తుంది: సెకనుకు 1000 మిల్లీసెకన్లు, మిల్లీసెకనుకు 1000 మైక్రోసెకన్లు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని పారలాక్స్ (భూమి కదలిక వల్ల నక్షత్రం పక్కకు జరిగినట్టు కనిపించే కోణం) 0.768″, అంటే 768 మిల్లీసెకన్లు. 1ని 0.768తో భాగిస్తే 1.30. నక్షత్రాల దూరాలు కొలిచే ప్రమాణమైన పార్సెక్‌లలో దాని దూరం అంతే. పారలాక్స్ సంగతి తర్వాతి పాఠంలో.

అభ్యాసం: విజయవాడ అక్షాంశం 16.5062, న్యూయార్క్ రేఖాంశం పశ్చిమంగా 74.0060. రెండింటినీ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలోకి మార్చండి. రెండోదానిలో నిమిషాలు సున్నా వస్తాయి. ఆ సున్నాని రాయకుండా వదిలేయకండి.