లిస్ప్‌లో ఒక విండో తెరవడానికి నేను పడ్డ పాట్లు, మీరు చేయాల్సిన పనులు

మా ఊళ్ళో నాన్న పాలకేంద్రం చూసుకుంటారు. రెండు పూటలా ఎవరెన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది అని పుస్తకంలో రాస్తారు. ఆ లెక్కలకు చిన్న ప్రోగ్రామ్ రాసిస్తానన్నాను, అదీ కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. లెక్కల భాగం ఒక్క ఆదివారంలో అయిపోయింది. పేర్లు, అంకెలు కొట్టే విండోకే నెల పట్టింది. నా దగ్గర ఉన్నవి లైనక్స్, ఎస్‌బీసీఎల్ (లిస్ప్ కంపైలర్), క్విక్‌లిస్ప్ (లిస్ప్ లైబ్రరీలు తెచ్చి వేసే సాధనం).

విండోల కోసం లిస్ప్ లైబ్రరీ ఎంచుకునేటప్పుడు దాని డాక్యుమెంటేషన్ ఎంత బాగుందన్నది తర్వాత. దాని కింద ఏ సీ లేదా సీ++ లైబ్రరీ ఉంది, అది ఎన్నో వెర్షన్ అన్నది ముందు చూడండి. నేను ఉదాహరణలు చూసి మురిసిపోయి, క్యూటీ 4 అనే విండోల లైబ్రరీ మీద కట్టిన ఒక బైండింగ్ (దాన్ని లిస్ప్ నుంచి పిలిచే వంతెన లాంటి కోడ్) పట్టుకున్నాను. క్యూటీ 4కి సపోర్ట్ 2015 డిసెంబర్‌లోనే ఆగింది. డెబియన్ అనే లైనక్స్ 11వ వెర్షన్‌కి వచ్చేసరికి ఆ ప్యాకేజీలనే తీసేశారు. రెండు రాత్రులు నా కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నాను.

‘ఫారిన్ లైబ్రరీ లోడ్ కాలేదు’ అనే ఎర్రర్ వస్తే టెన్షన్ పడి లిస్ప్ కోడ్ కెలకకండి. అది సీఎఫ్‌ఎఫ్‌ఐ (లిస్ప్ నుంచి సీ లైబ్రరీలను పిలిచే లైబ్రరీ) మాట. అడిగిన ఫైలు దానికి దొరకలేదంతే. లైనక్స్‌లో ఆ ఫైళ్ళ పేర్ల చివర వెర్షన్ అంకె ఉంటుంది. అంకె లేని పేరు సాధారణంగా ‘డెవ్’ ప్యాకేజీతోనే వస్తుంది. చాలాసార్లు ఆ ప్యాకేజీ వేస్తే చాలు. విండోస్‌లో అయితే 64 బిట్ ఎస్‌బీసీఎల్‌కు 32 బిట్ డీఎల్‌ఎల్ ఇచ్చారేమో చూసుకోండి.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఎల్‌టీకే, అంటే టీకే అనే విండోల టూల్‌కిట్‌ను లిస్ప్ నుంచి వాడుకునే లైబ్రరీ. ఇది సీ లైబ్రరీని లోపలికి లాగదు. ‘విష్’ అనే టీకే ప్రోగ్రామ్‌ను పక్కన నడిపి, పైపులోంచి (రెండు ప్రోగ్రామ్‌ల మధ్య మాటలు చేరవేసే దారి) దానికి ఆదేశాలు పంపుతుంది. అందుకే వెర్షన్ గొడవలు తక్కువ. క్విక్‌లిస్ప్‌తో లోడ్ చేసి ‘ఎల్‌టీకేటెస్ట్’ ఫంక్షన్ పిలవండి. విండో వస్తే సగం పని అయినట్టే. దాని సొంత డాక్యుమెంటేషన్ పల్చన, కానీ టీకే మాన్యువల్ ఉంది కదా. అక్కడ ముందు గీత పెట్టి ‘టెక్స్ట్’ అని ఉన్న ఆప్షన్, ఇక్కడ కోలన్ పెట్టిన కీవర్డ్ అవుతుంది. ఎక్కడ తేడా కొడుతోందో తెలియకపోతే ‘డీబగ్-టీకే’ వేరియబుల్‌కు ‘టీ’ (లిస్ప్‌లో ‘అవును’ అనే విలువ) ఇవ్వండి. పైపులోకి వెళ్ళే ప్రతి లైనూ కళ్ళముందు పడుతుంది. నాకు ఇంతకు మించిన డాక్యుమెంటేషన్ దొరకలేదు.

అంతా బాగుందనుకుని నాన్నకు చూపించాను. ‘కృష్ణమ్మ’ అన్న పేరులో ష కింద ణ వత్తు లేదు. ష పక్కన పొల్లు, ఆ పక్కన ణ, మళ్ళీ మ, పొల్లు, మ. “ఏరా, వత్తులన్నీ ఎక్కడ పారేశావు?” అన్నారు. లైనక్స్‌లో టీకే 8.6 అక్షరాలను విడివిడిగా గీస్తుంది, తెలుగు వత్తులను కలపడం దానికి రాదు. ఏ లిస్ప్ కోడ్‌తోనూ ఇది కుదరదు. అందుకే హలో వరల్డ్ బదులు మొదటి రోజే ‘స్త్రీ’, ‘కృష్ణమ్మ’ అని లేబుల్ పెట్టి చూడండి.

అక్కడి నుంచి జీటీకే అనే ఇంకో విండోల టూల్‌కిట్‌కి మారాను. అందులో అక్షరాలను కలిపి పేర్చే పాంగో, హార్ఫ్‌బజ్ లైబ్రరీలు ఉంటాయి కాబట్టి వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. అయితే జీటీకే 3కి, 4కి బైండింగ్‌లు వేరు, రెంటినీ ఒకే లిస్ప్ ప్రాసెస్‌లో లోడ్ చేయొద్దు. పాత ఉదాహరణలో ‘షో-ఆల్’, ‘కంటెయినర్-యాడ్’ కనిపిస్తే అది 3 కోసం రాసింది. 2020 డిసెంబర్‌లో వచ్చిన 4లో ఆ రెండూ లేవు. సీ మాన్యువల్ చదివేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అక్కడ ‘సెట్-టైటిల్’ అని ఉంటే, లిస్ప్‌లో దాదాపు ఎప్పుడూ ‘విండో-టైటిల్’ మీద సెట్ఎఫ్ (విలువ మార్చే లిస్ప్ ఆదేశం) చేయాలి. ఇది తెలియక నేను లేని ఫంక్షన్ కోసం ఒక సాయంత్రమంతా వెతికాను. అనుమానమొస్తే అప్రోపోస్ కొట్టండి, అది పేర్లు వెతికిపెడుతుంది. తర్వాత డిస్క్రైబ్, అది ఆ పేరు వివరాలు చెబుతుంది. ఈమాక్స్ ఎడిటర్‌లో స్లైమ్ (లిస్ప్ రాయడానికి వాడే అదనపు భాగం) ఉంటే మెటా-డాట్ (ఆల్ట్‌తో చుక్క) నొక్కి నేరుగా సోర్స్‌లోకి వెళ్ళండి.

విండో తెరుచుకోగానే ‘ఫ్లోటింగ్ పాయింట్ ఇన్‌వాలిడ్ ఆపరేషన్’ అని పడిపోతే అది మీ భాగహారం తప్పు కాకపోవచ్చు. ఎస్‌బీసీఎల్ ఫ్లోట్ ట్రాప్‌లు (దశాంశ లెక్కలో తేడా వస్తే ఎర్రర్ లేపే కాపలాలు) ఆన్‌లో ఉంచుతుంది, సీ లైబ్రరీలు అవి ఆఫ్‌లో ఉన్నాయనుకుని రాసినవి. ఎస్‌బీ-ఇంట్ ప్యాకేజీలోని ‘విత్-ఫ్లోట్-ట్రాప్స్-మాస్క్‌డ్’ మాక్రోలో మెయిన్ లూప్‌ను (విండో తెరిచి ఉన్నంతసేపూ నడిచే భాగం) చుట్టండి. మాక్‌లో అయితే విండో పనంతా మెయిన్ థ్రెడ్‌లోనే జరగాలి. స్లైమ్ నుంచి నడిపితే మామూలుగా వేరే థ్రెడ్‌లో నడుస్తుంది.

పని చేసిన రోజునే వెర్షన్లు కట్టేయండి. క్విక్‌లిస్ప్ విడతలకు తేదీలే పేర్లు, పాత విడతను కూడా మళ్ళీ వేసుకోవచ్చు. ‘లోకల్-ప్రాజెక్ట్స్’ ఫోల్డర్‌లో ఏదైనా పాత కాపీ ఉందేమో కూడా చూడండి. క్విక్‌లిస్ప్ ముందు దాన్నే తీసుకుంటుంది, ఆ సంగతి మీకు చెప్పదు. నేను ఎస్‌బీసీఎల్ వెర్షన్, విడత తేదీ, వేసిన సిస్టమ్ ప్యాకేజీల పేర్లు ఒక కాగితం మీద రాసి, పాలకేంద్రంలో కంప్యూటర్ వెనకాల అంటించాను.